ఇన్-ఎన్-అవుట్ బర్గర్ కోసం అంత బారు ఎందుకు? బీఫ్ తినని వాళ్ళూ చెప్పవచ్చు

కొత్తగా_మిల్పిటాస్
న్యూజెర్సీ నుంచి ఈ మధ్యే ఇక్కడికి, కాలిఫోర్నియాకు మారాం. ఆఫీసులో ఎవరిని కదిపినా ఒకటే మాట, "ఇన్-ఎన్-అవుట్‌కి వెళ్ళారా?" అని. నిన్న రాత్రి అటుగా వెళ్తే కార్ల బారు ప్రహరీ దాటి రోడ్డు మీదికి వచ్చేసింది. ఒక కుర్రాడు ట్యాబ్ పట్టుకుని కారు కారుకీ తిరుగుతూ ఆర్డర్లు రాసుకుంటున్నాడు. పోనీ లోపల ఏమున్నాయో అని బోర్డు చూస్తే పట్టుమని పది రకాలు లేవు. హ్యాంబర్గర్, చీజ్‌బర్గర్, డబుల్-డబుల్ (రెండు ప్యాటీలు, రెండు చీజ్ ముక్కల బర్గర్), ఫ్రైస్, షేకులు, కూల్‌డ్రింకులు. చికెన్ లేదు, చేప లేదు, కూరగాయల ప్యాటీ కూడా లేదు.

నేను చికెన్‌తో ఆగిపోయే మనిషిని, నాకు అక్కడ పని లేదు. కాబట్టి రుచి ఎలా ఉంటుందని అడగడం లేదు. దేశంలో సగానికి పైగా రాష్ట్రాల్లో కనిపించని, ఒక కుటుంబం చేతిలో ఉన్న బర్గర్ కొట్టు మీద మనుషులకు ఇంత మోజు ఎలా పుట్టింది? వచ్చే నెల మా అమ్మానాన్నలు వస్తున్నారంటే "వాళ్ళనూ తీసుకెళ్ళండి" అని మా మేనేజరు సలహా. మా అమ్మ వెల్లుల్లి కూడా తినదు.

అడ్డపుల్ల
కాలిఫోర్నియా వాళ్ళకు వాళ్ళ ఎండ కూడా గొప్పే. దొరకనిదాని మీద మోజు, అంతకు మించి ఏమీ లేదు.

బే_ఏరియా_బాబాయి
అడ్డపుల్ల గారు ఎప్పటిలాగే ఒక్క ముక్కలో తేల్చేశారు. ఓపిక ఉన్నవాళ్ళ కోసం నేను కొంచెం వెనక్కి వెళ్ళి చెబుతాను.

1948 అక్టోబరులో లాస్ ఏంజెలెస్‌కు తూర్పున ఉన్న బాల్డ్విన్ పార్కులో హ్యారీ స్నైడర్, ఎస్తర్ స్నైడర్ అనే దంపతులు ఈ కొట్టు పెట్టారు. పది అడుగుల గది. కూర్చోవడానికి చోటు లేదు. అప్పట్లో కార్ల దగ్గరకు పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చి ఆర్డరు రాసుకునే పద్ధతి ఉండేది. హ్యారీ ఒక స్పీకరు పెట్టె బిగించి, కారులోంచే మాట్లాడి ఆర్డరు చెప్పే ఏర్పాటు చేశాడు. తెల్లవారకముందే మార్కెట్టుకు వెళ్ళి మాంసం, కూరగాయలు ఆయనే ఏరి తెచ్చేవాడు. లెక్కలన్నీ ఎస్తర్ చూసేది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. అదే 1948లో, అక్కడికి గంట ప్రయాణంలో ఉన్న సాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు తమ హోటల్ని కొంతకాలం మూసి, వడ్డించే వాళ్ళను మాన్పించి, 15 సెంట్ల హ్యాంబర్గర్‌తో మళ్ళీ తెరిచారు. 1955 నుంచి రే క్రాక్ ఫ్రాంచైజీలు అమ్ముకుంటూ పోయాడు, 1961లో అన్నదమ్ములకు 27 లక్షల డాలర్లు ఇచ్చి పేరుతో సహా కొనేశాడు. ఆ తరువాతి కథ ప్రపంచానికంతా తెలుసు. స్నైడర్లు ఒక్క ఫ్రాంచైజీ ఇవ్వలేదు. ఈ రోజుకీ ఇవ్వలేదు. 1976లో హ్యారీ పోయేనాటికి వాళ్ళ కొట్లు 18. ఇరవై ఎనిమిదేళ్ళ వ్యాపారం, 18 కొట్లు!

ఇంత నిదానానికి కారణం వంటగదిలోనే ఉంది. కొట్లలో ఫ్రీజరు లేదు, మైక్రోవేవ్ లేదు. ప్యాటీలు సొంత కేంద్రాల్లో తయారుచేసి, గడ్డకట్టించకుండా చల్లగా మాత్రం ఉంచి పంపుతారు. కాబట్టి ఆ కేంద్రం నుంచి లారీ ఒక రోజులో చేరగలిగినంత మేరకే కొట్లు. 2011లో టెక్సాస్‌లో తెరవాలంటే ముందు డాలస్ పక్కన కేంద్రం కట్టాల్సి వచ్చింది. 2020లో కొలరాడోకు వెళ్ళాలంటే కొలరాడో స్ప్రింగ్స్‌లో మరొకటి. మీ న్యూజెర్సీకి ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

అడ్డపుల్ల
మాంసం లారీ కథ విని నాకు ఆకలి వేయలేదు బాబాయి గారూ.

పప్పుచారు
కొత్తగా_మిల్పిటాస్ గారూ, మీ అమ్మానాన్నలను నిక్షేపంగా తీసుకెళ్ళవచ్చు. మా ఇంట్లో అందరం శాకాహారులమే, ఊరి ప్రయాణాల్లో మాకు దిక్కు అదే. ఎందుకో చెబుతాను.

అక్కడ నూనెలో వేగేది బంగాళాదుంప ఒక్కటే. చికెన్ ముక్కలు, చేప ముక్కలు అమ్మరు కాబట్టి అదే మూకుడులో మరొకటి వేగిందేమో అన్న అనుమానం లేదు. నూనె పొద్దుతిరుగుడుది. కొత్తగా వచ్చిన వాళ్ళకు తెలియదేమో, అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్‌లో బీఫ్ నుంచి తీసిన రుచి పదార్థం ఉంటుంది. 2001లో దాని మీద సియాటిల్‌లో ఒక భారతీయ న్యాయవాదే కేసు వేశారు. మరుసటి ఏడాది ఆ కంపెనీ క్షమాపణ చెప్పి కోటి డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. శాకాహార సంఘాలకు, హిందూ సంస్థలకు అందులో వాటా వెళ్ళింది. ఆ తరువాత నుంచి ఫ్రైస్ అనగానే మా వాళ్ళు నూనె గురించి ఆరా తీస్తారు.

ఇక బోర్డు మీద కనిపించకపోయినా "గ్రిల్డ్ చీజ్" అని అడిగితే ఇస్తారు. మాంసం లేకుండా రెండు చీజ్ ముక్కలు, టమాటా, లెట్యూస్, ఉల్లిపాయ. మూడు జాగ్రత్తలు: స్ప్రెడ్ అనే ఆ గులాబీ రంగు సాసులో గుడ్డు ఉంటుంది, వద్దని చెప్పండి. ఉల్లిపాయ పచ్చిది అడగండి, వేయించినది మాంసం కాల్చే పెనం మీదే వేగుతుంది. మూడోది, మిరపకాయలు అడగడం మరిచిపోకండి.

కొత్తగా_మిల్పిటాస్
మిరపకాయలా?

పప్పుచారు
పసుపు పచ్చటి చిన్న ఊరమిరపకాయలు. కాస్కబెల్లా అంటారు. ఉచితం. అడిగితే చిన్న పొట్లంలో వేసి ఇస్తారు. కొరకగానే పులుపు, ఒక క్షణం ఆగి కారం. ఫ్రైస్ మధ్యలో ఒకటి నంజుకుంటే మన ఊరగాయ లేని లోటు సగం తీరుతుంది.

రెండో_షిఫ్టు
పప్పుచారు గారు ఈ రహస్యం ఇన్నాళ్ళు దాచుకున్నారంటే నమ్మలేకపోతున్నాను. ఏళ్ళ తరబడి బ్యాగులో పచ్చిమిర్చి పెట్టుకుని తిరుగుతున్నాను.

చార్మినార్_చాయ్
హలాల్ కాదు కాబట్టి మాది కూడా ఫ్రైస్, షేకు జట్టే. మూడు రకాల షేకులూ ఒకే గ్లాసులో కలపమంటే కలిపి ఇస్తారు, నియోపాలిటన్ అని. పిల్లలు దాని కోసమే గొడవ చేస్తారు.

ఆరెంజ్_చారలు
డాలస్ నుంచి రాస్తున్నాను. 2011లో ఇక్కడ ఫ్రిస్కోలో, ఆలెన్‌లో ఇన్-ఎన్-అవుట్ మొదటి కొట్లు తెరిచినప్పుడు జనం రాత్రంతా గుడారాలు వేసుకుని పడుకున్నారు. సరే, వాళ్ళ ముచ్చట వాళ్ళది. కానీ టెక్సాస్‌లో దశాబ్దాలుగా ఉన్నది వాటాబర్గర్. 1950లో కార్పస్ క్రిస్టీలో హార్మన్ డాబ్సన్ పెట్టాడు. రెండు చేతులతో పట్టుకుంటే గానీ ఆగని బర్గర్ చేయాలన్నది ఆయన పంతం. ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంటుంది, చికెన్ ఉంటుంది, కారం కెచప్ ఉంటుంది. అర్ధరాత్రి రెండింటికి సాఫ్ట్‌వేర్ రిలీజు పని ముగించుకుని ఆకలితో వచ్చే తెలుగువాడికి ఇంతకంటే ఏం కావాలి? నారింజ, తెలుపు చారల కప్పు దూరం నుంచి కనిపిస్తే ఇల్లు చేరినట్టే ఉంటుంది నాకు.

బే_ఏరియా_బాబాయి
అది 2019 దాకా కుటుంబానిది. ఆ ఏడాది డాబ్సన్ కుటుంబం పెద్ద వాటాను చికాగోలోని బీడీటీ అనే పెట్టుబడి సంస్థకు అమ్మేసింది. టెక్సాస్ అంతా ఎంత గగ్గోలు పెట్టిందో మీకే బాగా తెలియాలి.

ఆరెంజ్_చారలు
తెలుసు. పుండు మీద కారం చల్లకండి.

లెక్కల_మాస్టారు
భావోద్వేగాలు కాసేపు పక్కన పెడదాం. కుటుంబం, సంప్రదాయం అని అందరూ మురిసిపోతున్నారు కానీ అసలు విషయం యాజమాన్యంలో ఉంది. షేర్ మార్కెట్టులో ఉన్న కంపెనీ మూడు నెలలకోసారి జవాబు చెప్పుకోవాలి. ఈ మూడు నెలల్లో అమ్మకాలు పెరగకపోతే కొత్త సాండ్‌విచ్ అంటారు, బొమ్మ ఉచితం అంటారు, ఎక్కడ పడితే అక్కడ కొత్త కొట్టు అంటారు. స్నైడర్ కుటుంబం ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. అందుకే డెబ్బై ఏళ్ళు దాటినా బోర్డు పెద్దగా మారలేదు.

బోర్డు మారకపోవడం వల్ల వచ్చే లాభం చిన్నది కాదు. ముఖ్యంగా కొనేది ఆరేడు సరుకులే: మాంసం, బన్ను, చీజ్, దుంప, టమాటా, ఉల్లి, లెట్యూస్. పారేసేది తక్కువ. పనివాళ్ళకు నేర్పాల్సింది తక్కువ, నేర్పింది మాత్రం గట్టిగా నేర్పవచ్చు. ధర కూడా అందుకే మిగతావాళ్ళ కంటే తక్కువగా ఉంచగలుగుతున్నారు. ఇందులో మాయ లేదు, మంచి లెక్క ఉంది.

ఒక్క విషయంలో బాబాయి గారితో విభేదిస్తాను. మాంసం లారీ దూరం వల్ల మాత్రమే నెమ్మదిగా పెరిగారనడం సగం నిజం. కావాలనుకుంటే అప్పు తెచ్చి పది కేంద్రాలు ఒకేసారి కట్టవచ్చు. కట్టలేదు. అడ్డపుల్ల గారు అన్నట్టు దొరకకపోవడం కూడా గిరాకీ పెంచుతుందని వాళ్ళకు తెలియదనుకోను.

అడ్డపుల్ల
ఈ వేదికలో మొదటిసారి నా పేరు మంచిగా వినబడింది. తేదీ రాసిపెట్టుకుంటున్నాను.

మామిడితాండ్ర
మాస్టారు గారు చెప్పింది మా ఊరి అనుభవంతో సరిపోతుంది. పేరు చెప్పను, గోదావరి జిల్లాలో ఒక భోజన హోటలు ఉండేది. అన్నదమ్ములిద్దరు నడిపేవారు. పన్నెండున్నరకు తెరిచి, వండింది అయిపోగానే తలుపు వేసేసేవారు. కొడుకులు వచ్చాక హైదరాబాదులో నాలుగు, బెంగళూరులో రెండు, అన్నీ వేరేవాళ్ళకు పేరు అద్దెకు ఇచ్చి పెట్టించారు. పొడులు సంచుల్లో పంపడం మొదలైంది. ఇప్పుడు అసలు హోటల్లో కూడా గోంగూర ఆ పులుపులో లేదు. పాత గుమస్తా ఒకాయన ఉండేవాడు, అన్నం చేత్తో నొక్కి చూసి గానీ వడ్డనకు పంపేవాడు కాదు. ఆయన్ను ఏ శాఖకు పంపగలరు?

కర్నూలు_కుర్రాడు
1948 అనగానే నాకు మా ఊరే గుర్తుకొచ్చింది. జి. పుల్లారెడ్డి గారు కర్నూలులో నేతి మిఠాయిల కొట్టు పెట్టింది కూడా 1948లోనే. అదీ కుటుంబం చేతిలోనే పెరిగింది. మా నాన్న సెలవుల్లో ఇంటికి వస్తూ తెచ్చే ఆ పెట్టె మూత తెరవకముందే నెయ్యి అట్ట మీద మరకగా కనిపించేది. ఆ మరక ఎంత పెద్దదైతే మాకు అంత సంతోషం. కాలిఫోర్నియావాడు బర్గర్ సంచి మీద నూనె మరక చూసి ఎందుకు మురిసిపోతాడో నాకు ఎవరూ వివరించనక్కర్లేదు.

పప్పుచారు
ఇప్పుడు నాకు పూతరేకులు తినాలనిపిస్తోంది. కర్నూలు వారిదే పూచీ.

వేగుచుక్క
ఇంతమంది ఇన్ని చెప్పారు కానీ గ్లాసు తిరగేసి చూసినవాళ్ళు లేరు. కూల్‌డ్రింకు గ్లాసు అడుగున చిన్న అక్షరాల్లో యోహాను 3:16 అని ఉంటుంది. వాక్యం ఉండదు, పేరూ అంకెలూ మాత్రమే. షేకు గ్లాసు అడుగున సామెతలు 3:5. డబుల్-డబుల్ చుట్టిన కాగితం మీద నహూము 1:7. మా సంఘంలో నహూము గ్రంథం ఎక్కడుందో వెతుక్కోకుండా తీయగలిగేవాళ్ళు తక్కువ, బర్గర్ కాగితం మీద చూసి నేను ఆశ్చర్యపోయాను.

ఇది హ్యారీ రెండో కొడుకు రిచ్ స్నైడర్ పెట్టిన అలవాటు. తండ్రి పోయాక 1976లో ఆయన చేతికి వ్యాపారం వచ్చింది, అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేళ్ళు. 1980ల చివర్లో ఈ అంకెలు వేయించడం మొదలుపెట్టారు. ప్రకటనల్లో చెప్పుకోరు, ఎవరినీ అడగరు, అడుగున ఉంటుంది అంతే. నమ్మినవాడు చూసుకుంటాడు, నమ్మనివాడు షేకు తాగి పారేస్తాడు. నాకు నచ్చింది ఆ పద్ధతి.

రెండో_షిఫ్టు
మా అబ్బాయి ఆ అంకెలను వైఫై పాస్‌వర్డు అనుకున్నాడు.

విమానాల_పిచ్చి
రిచ్ స్నైడర్ ప్రస్తావన వచ్చింది కాబట్టి. 1993 డిసెంబరులో కాలిఫోర్నియాలోనే శాంటా అనా విమానాశ్రయంలో దిగబోతుండగా ఆయన ఉన్న చిన్న జెట్ విమానం కూలిపోయింది. ముందు వెళ్తున్న బోయింగ్ 757 వెనుక లేచిన గాలి సుడిలో చిక్కుకుంది. ఆ ప్రమాదం తరువాత 757 వెనుక దిగే విమానాలు ఎంత దూరంలో ఉండాలన్న నిబంధనలు మార్చారు. ఈ రోజు మనం దిగేటప్పుడు "ముందు 757 ఉంది, కాస్త ఆగండి" అని పైలట్‌కు చెబుతున్నారంటే అందులో ఈ కథకూ చోటుంది.

ఇంకొకటి. లాస్ ఏంజెలెస్ విమానాశ్రయం పక్కన సెపుల్వెడా రోడ్డు మీద ఉన్న ఇన్-ఎన్-అవుట్‌కి ఒకసారి వెళ్ళండి, తినకపోయినా పర్వాలేదు. ఉత్తరపు రన్‌వే మీద దిగే విమానాలు సరిగ్గా నెత్తి మీదుగా వెళ్తాయి. ఏ380 వచ్చిందంటే చక్రాల మధ్య బోల్టులు కూడా కనిపిస్తున్నాయా అనిపిస్తుంది. ఎదురుగా చిన్న పచ్చిక బయలు ఉంది, జనం పొట్లాలు పట్టుకుని అక్కడ చేరతారు. మా మామగారు నెల్లూరు నుంచి వచ్చినప్పుడు హాలీవుడ్ చూపిస్తే ఆవులించారు. ఇక్కడికి తెస్తే ఫ్రైస్ చల్లారిపోతున్నా తల దించలేదు. "ఇది ఏ దేశానిది? అది ఏ దేశానిది?" అని తోకల మీద రంగులు చూస్తూ సాయంత్రం దాకా కూర్చున్నారు.

అడ్డపుల్ల
ఫ్రైస్ చల్లారిపోతున్నా అన్నారు చూడండి, అసలు విషయం అక్కడుంది. ఆ ఫ్రైస్ గురించి అభిమానులు నోరు మెదపరు. చల్లారితే అవి తడి అట్టముక్కలు.

బే_ఏరియా_బాబాయి
ఇది మాత్రం ఒప్పుకోవాలి. కారణం కూడా చెబుతాను. మిగతా పెద్ద కంపెనీలు దుంపను కోసి, ఒకసారి వేయించి, గడ్డకట్టించి కొట్లకు పంపుతాయి. కొట్లో వేగేది రెండోసారి. అందుకే కరకర. ఇక్కడ ఆర్డరు వచ్చాక పచ్చి దుంప నేరుగా నూనెలో పడుతుంది, ఒక్కసారే వేగుతుంది. లోపల తడి, బయట మెత్తన. "వెల్ డన్" అని చెబితే ఇంకాసేపు ఉంచుతారు, అప్పుడు మన ఇంట్లో వేపుడు రంగుకు వస్తాయి. మీకు కరకర కావాలంటే ఫ్రీజరు కావాలి. ఫ్రీజరు వద్దంటే మెత్తదనం భరించాలి.

అడ్డపుల్ల
లేదా చిప్స్ ప్యాకెట్ కొనుక్కోవాలి.

కాలేజీ_ఫీజులు
మా పెద్దమ్మాయి కాలేజీలో ఉండగా ఒక వేసవి అక్కడ పని చేసింది, అందుకని లోపలి సంగతులు కొన్ని తెలుసు. తెల్ల చొక్కా, నెత్తి మీద కాగితం టోపీ, ఎర్ర ఏప్రన్. ఆ ఏప్రన్‌ను నడుము దగ్గర బొటనవేలంత పిన్నీసుతో బిగించాలి. మొదటి రోజు వచ్చి ఆ పిన్నీసును మా అత్తగారికి చూపిస్తే "ఇది చీరకు పనికి రాదే" అని వెనక్కి ఇచ్చేశారు.

మొదట్లో పొయ్యి దగ్గరకు రానివ్వరు. బల్లలు తుడవడం, లెట్యూస్‌ను చేత్తో ఆకు ఆకుగా విడదీయడం, దుంపలు కోయడం. గోడకు ఇనుప కత్తెర యంత్రం బిగించి ఉంటుంది, దుంప పెట్టి మీట కిందికి గుంజితే చతురస్రాకారపు ముక్కలు బకెట్లో రాలుతాయి. అద్దంలోంచి మీరే చూడవచ్చు. ఒక్కో పని వచ్చాక ఒక్కో మెట్టు, ప్రతి మెట్టుకూ జీతం కాస్త పెరుగుతుంది. మాంసం కాల్చే చోటు అన్నిటికన్నా చివర. ఇంట్లో ఒక్క ఉల్లిపాయ కోయమంటే కళ్ళు మండుతాయని పారిపోయే పిల్ల అక్కడ బస్తాల కొద్దీ కోసి వచ్చి "ఈ రోజు అందరికంటే సన్నగా కోశాను" అని చెప్పుకునేది.

మాస్టారు గారు లెక్క అన్నారు కదా, ఇది కూడా ఆ లెక్కలో వేయండి. 2018లోనే అక్కడి కొట్టు మేనేజర్ల సగటు ఆదాయం ఏడాదికి లక్షా అరవై వేల డాలర్లు దాటిందని పత్రికలు రాశాయి. చాలామంది దుంపలు కోస్తూ మొదలుపెట్టినవాళ్ళే. 1984లో వాళ్ళకంటూ ఒక శిక్షణ కేంద్రం కూడా పెట్టారు, యూనివర్సిటీ అని పేరు పెట్టి మరీ. మొహం మాడ్చుకుని సంచి విసిరేసే పిల్లలు అక్కడ కనిపించకపోవడానికి కారణం జీతమే అని నా అనుమానం.

రెండో_షిఫ్టు
లక్షా అరవై వేలా? నేను జావా ఎందుకు నేర్చుకున్నట్టు?

లెక్కల_మాస్టారు
ఎఫ్1 విద్యార్థి వీసా మీద ఉన్న పిల్లలు ఇది చదివి ఆశలు పెట్టుకోకండి. బయట పని కుదరదు.

ఎర్రజెండా_కాదు
జీతాలు సరే. రాజకీయ పార్టీకి చందాలు ఇచ్చారని 2018లో బహిష్కరించాలన్నారు కదా, దాని సంగతి? ఇంకా శాన్ ఫ్రాన్సిస్కోలో 2021లో టీకా పత్రాలు అడగబోమని...

వేదిక_కాపలా
బర్గర్ వరకే మాట్లాడుకుందాం. రెండు పార్టీలకూ చందాలు వెళ్ళాయని కూడా అప్పుడే వార్తల్లో వచ్చింది. ఆ చర్చకు వేరే గది ఉంది.

మామిడితాండ్ర
కుటుంబం చేతిలో ఉంటేనే మంచిదనుకుంటే ఒక ప్రశ్న. రిచ్ పోయాక ఎవరు? కుటుంబ వ్యాపారాలు చాలావరకు మూడో తరంలోనే చీలిపోతాయి. మా ఊళ్ళో అయితే రెండో తరానికే గోడ లేస్తుంది.

బే_ఏరియా_బాబాయి
అన్న గై స్నైడర్ చేపట్టాడు. మాదకద్రవ్యాల అలవాటుతో 1999లో ఆయనా పోయాడు. ఇద్దరు కొడుకులూ వెళ్ళిపోయాక ఎస్తర్ 2006లో కన్నుమూసే దాకా నిలబెట్టింది. కొడుకులు పోయిన ఇంట్లో ఆ తల్లి లెక్కల పుస్తకం మూయకపోవడం నాకు బర్గర్ కంటే పెద్ద విషయం. గై కూతురు లిన్సీ 2010లో అధ్యక్షురాలైంది. పదిహేడేళ్ళప్పుడు రెడింగ్‌లోని కొట్లో అందరితో పాటు పనికి చేరి, లెట్యూస్ విడదీస్తూ మొదలుపెట్టింది. తాతల ఆస్తి విడతలు విడతలుగా చేతికొచ్చేలా రాసి పెట్టారు, 2017లో ముప్పై అయిదేళ్ళు నిండాక గానీ మొత్తం రాలేదు. మన వీలునామాల్లో ఇలాంటి షరతు ఉంటే ఎన్ని కోర్టు కేసులు తగ్గేవో.

లెక్కల_మాస్టారు
గోడ లేవకపోవడానికి ఇంకో కారణం, పంచుకోవడానికి అన్నదమ్ములు మిగలలేదు. చేదుగా ఉన్నా అదే నిజం. పద్ధతి గొప్పతనం ఎంతో, దైవాధీనం ఎంతో మనకు తెలియదు.

సియాటిల్_చినుకు
ఆలస్యంగా వచ్చాను. మా దగ్గర 1954 నుంచి డిక్స్ డ్రైవ్-ఇన్ ఉంది. వాలింగ్‌ఫర్డ్‌లో మొదటిది, ఇప్పటికీ ఆ కుటుంబానిదే. సియాటిల్ చుట్టుపక్కల వదిలి ఎక్కడికీ పోలేదు. స్నైడర్ల కొట్లు ఇప్పుడు నాలుగు వందలు దాటాయి, డిక్స్ వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పనిచేసే పిల్లలకు చదువు ఖర్చులు ఇస్తారు. ఇన్-ఎన్-అవుట్‌లో బోర్డు మీద లేనివి వంద అడగవచ్చు, ఉల్లిపాయ ఇలా, సాసు అలా. డిక్స్‌లో అదేమీ లేదు, బర్గర్ ఎలా చేస్తారో అలాగే తీసుకోవాలి. వానలో నిలబడి తినాలి. అయినా అర్ధరాత్రి దాకా జనమే.

2025లో ఇన్-ఎన్-అవుట్ మా వాషింగ్టన్ రాష్ట్రంలో రిడ్జ్‌ఫీల్డ్‌లో తెరిచింది. సియాటిల్ నుంచి రెండున్నర గంటలకు పైగా డ్రైవింగ్. మా ఆఫీసులో సెలవు పెట్టి వెళ్ళిన వాళ్ళున్నారు. నేను వెళ్ళలేదు. మా ఊరి బర్గర్‌కు ద్రోహం చేసినట్టు ఉంటుంది, అదీ నేను తినని బర్గర్‌కు.

అడ్డపుల్ల
తినని బర్గర్ మీద విశ్వాసం! ఈ వేదిక ఇంతకంటే పైకి పోలేదు.

కొత్తగా_మిల్పిటాస్
సియాటిల్ గారి పోస్టు చూశాక అనిపిస్తోంది, ఇక్కడ రాసినవాళ్ళలో సగం మంది అక్కడి ముఖ్యమైన వస్తువే తినరు! ఒకరు మిరపకాయల కోసం, ఒకరు విమానాల కోసం, ఒకరు గ్లాసు అడుగు కోసం. బర్గర్ అమ్మేవాడికి ఇది తెలుసా?

ఆరెంజ్_చారలు
తెలిస్తే చికెన్ పెట్టేవాడు.

లెక్కల_మాస్టారు
పెట్టడు. పెట్టిన రోజు వరుసలో వంటకు ఇంకో నాలుగు నిమిషాలు, రెండో రకం నూనె, పప్పుచారు గారి గిరాకీ పోతుంది. 2023లో టెనెసీకి వెళ్తున్నామని ప్రకటించారు, పడమటి గాలి అలవాటైన వాళ్ళు అంత దూరం వెళ్ళాక పద్ధతి నిలబడుతుందా లేదా అన్నదే నేను గమనిస్తున్నది.

కర్నూలు_కుర్రాడు
పెరిగితే చెడుతుందని ముందే ఏడవడం మనకు అలవాటు. రిచ్ పోయేనాటికి ఉన్న 93 కొట్ల నుంచి నాలుగు వందలు దాటే దాకా వచ్చారు, దుంప ఇంకా కొట్లోనే కోస్తున్నారు కదా.

రెండో_షిఫ్టు
అవన్నీ తరువాత. పప్పుచారు గారూ, ఆ పసుపు మిరపకాయల గింజలు పెరట్లో వేస్తే మొలుస్తాయా? మాది ఫ్రీమాంట్, ఎండకు లోటు లేదు.

పప్పుచారు
మొలవవు. వెనిగర్‌లో ఊరిన గింజ చచ్చిపోతుంది. కాస్కబెల్లా విత్తనాల పొట్లం ఆన్‌లైనులో వెతకండి, మార్చిలో కుండీలో వేసి మొక్క అయ్యాక నేలలో నాటండి. కాయ పసుపు రంగులో ఉండగానే కోయాలి, ఎరుపెక్కితే ఆ రుచి ఉండదు.

మామిడితాండ్ర
పసుపు రంగులో కోసి ఆవపిండి కూరి ఊరబెడితే?

పప్పుచారు
వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడికి వస్తాను.